నేను పారబోసిన నీళ్ళు

ప్రతి సంవత్సరం మార్చి నెలలో, వలిగొండ దగ్గరి మా ఊరి నుండి మా అక్క ఒక గోనెసంచి నిండా చింతపండు పంపిస్తుంది. పెంకు తీయని కాయలే పంపిస్తుంది. పీర్జాదిగూడలోని మా ఇంటి వరండాలో నేనూ నా భార్యా పాత చాప పరచుకొని కూర్చుంటాము. పెంకు ఒలిచి, గింజ కొట్టి, ఈనెలు లాగి, ఉప్పు వేసి జాడీకి ఎత్తుతాము. సాయంకాలానికి మా పక్కన పెంకుల కుప్ప తయారవుతుంది. ఎవరికైనా అది చెత్తే. నాకు మాత్రం ఆ కుప్పను చూస్తే నాచారంలోని ఒక బావి గుర్తుకు వస్తుంది.

ప్రియ పాఠకులారా, ఈ సంగతిని నేను ఇరవై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. ఇప్పుడు నాకు అరవై దాటింది. మన సంఘాలలోని ఎన్నో కుటుంబాలు పిల్లలను పట్నంలో పనులకు పంపిస్తున్నాయి. అలాగే, అరటితొక్కతోనూ గుడ్డుపెంకుతోనూ విషపు నీళ్ళు శుభ్రమవుతాయనే మాట ఈమధ్య పల్లెల దాకా వచ్చింది. ఈ రెండు కారణాలను బట్టి, నాకు తెలిసినంత మీకు చెప్పడం మంచిదని తోచింది.

1986లో ఇంటర్మీడియట్ తప్పి నాచారం వచ్చాను. తెలిసినవారి ద్వారా ఒక చిన్న ప్లేటింగ్ షెడ్డులో పని దొరికింది. ఆరుగురం పనివాళ్ళం. సైకిలు హ్యాండిళ్ళు, మోటారు సైకిలు సైలెన్సర్లు, నల్లాలు మా దగ్గరికి నల్లగా వచ్చి అద్దంలాగా మెరుస్తూ తిరిగి పోయేవి. ముందు ఇనుమును రుద్ది మెరుగుపెట్టాలి. తరువాత ఆమ్లంలో కడగాలి. తరువాత నికెల్ తొట్టిలో ముంచాలి. చివరకు క్రోము తొట్టిలో ముంచి కరెంటు పెట్టాలి. ఒక్కొక్క తొట్టి తరువాత ఒక కడుగు తొట్టి ఉండేది. క్రోమిక్ ఆమ్లం ముదురు ఎరుపు పలుకులుగా వచ్చేది. దానిలో ముంచిన సామాను కడిగిన నీళ్ళు పసుపు కలిపినట్లు ఉండేవి.

శనివారం రాత్రి కడుగు తొట్లు ఖాళీ చేయడం చిన్నవాడినైన నా పని. బకెట్లతో ముంచి షెడ్డు వెనుక మోరీలో పారబోసేవాడిని. ఆ మోరీకి అడుగున సిమెంటు లేదు. ఒట్టి మట్టి కాలువ. నీళ్ళు నాలుగు గజాలు పారి నేలలో ఇంకిపోయేవి. మరునాడు ఉదయం తెల్లచొక్కా వేసుకొని ఆరాధనకు వెళ్ళేవాడిని. పాటల గుంపులో నిలబడి పాడేవాడిని. శనివారానికీ ఆదివారానికీ మధ్య ఏదో పొసగడం లేదని ఆ దినాలలో నాకు తోచలేదు.

నాకేమీ తెలియదని మాత్రం చెప్పలేను. నా వేళ్ళ సందుల్లో గుండ్రని పుండ్లు పడి, నెలల తరబడి మానేవి కావు. వాటిని మేము క్రోము పుండ్లు అనేవాళ్ళం. తొట్టి నుండి లేచే పొగమంచులాంటి ఆవిరికి ముక్కులోంచి రక్తం వచ్చేది. మాకంటే ముందు నుండి పనిచేస్తున్న ఒక పెద్దాయనకు ముక్కు మధ్య గోడకు రంధ్రం పడింది. క్రోము పనివాళ్ళకు ఇది ప్రపంచమంతటా తెలిసిన జబ్బే. ఒంటికి ఇంత చేసేది నేలకు ఏమీ చేయదని ఎట్లా అనుకున్నానో!

షెడ్డు గోడకు అవతల ఒక అవ్వ ఉండేది. ఒక్కతే. ఒక బర్రె, నాలుగు మళ్ళ కూరాకు, ఒక చేదబావి, ఇవే ఆమె ఆస్తి. మొదటి సంవత్సరాలలో మేము ఆమె బావి నీళ్ళే తాగేవాళ్ళం. ఎండాకాలంలో "రండి బిడ్డా, సల్లటి నీళ్ళు తాగి పోండి" అని తానే పిలిచేది. 1990 ఎండాకాలంలో బావి నీళ్ళు లేత పసుపు రంగు తిరిగాయి. మేము ఆరుగురమూ ఒకరికొకరు చెప్పుకోకుండానే ఆ నీళ్ళు మానివేసి, దూరపు నల్లా నుండి క్యాన్లతో తెచ్చుకోవడం మొదలుపెట్టాము.

ఒకనాటి సాయంకాలం అవ్వ నన్ను ఆపి అడిగింది. "బిడ్డా, నీళ్ళు ఇట్ల పచ్చగ ఎందుకైనయి? మీరెందుకు తాగుత లేరు?"

నేను, "అది బురద అవ్వా. వానలు పడితే పోతది" అన్నాను.

ఆమె నమ్మింది. ఎందుకు నమ్మదు? నేను గుడికి పోయే పిల్లవాడినని ఆమెకు తెలుసు. ఆ సాయంకాలం కూడా ఆమె చేద వేసి నీళ్ళు తోడుకుంటున్న చప్పుడు గోడ ఇవతల నుండి విన్నాను.

1993లో షెడ్డు మూతపడింది. నేను ఒక బడిలో అటెండరుగా చేరాను. రెండేళ్ళ తరువాత ధైర్యం తెచ్చుకొని అటువైపు వెళ్ళాను. బావిని మట్టితో పూడ్చివేశారు. ఇల్లు లేదు. అవ్వ బిడ్డ దగ్గరికి వెళ్ళిపోయిందని పక్కవారు చెప్పారు. ఏ ఊరో వారికి తెలియదు. అంతకంటే నాకు ఏమీ తెలియలేదు.

1998లో పీర్జాదిగూడలో చిన్న స్థలం కొనుక్కొని ఇల్లు కట్టుకున్నాము. అప్పటికి ఇది గ్రామ పంచాయతీ. వరంగల్ రోడ్డు మీద బస్సు దిగి దక్షిణంగా నడిస్తే మూసీ. ఏటి ఒడ్డున కంటికి ఆనినంత మేర పచ్చటి పారా గడ్డి. పట్నం మురుగు నీటితో పెరిగే ఆ గడ్డిని కోసి, మోపులు కట్టి, బర్రెలవాళ్ళకు అమ్ముకొని ఎన్నో కుటుంబాలు బ్రతికేవి. 2000 తరువాతి సంవత్సరాలలో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు మూసీ మురుగుతో వ్యవసాయం చేసుకునేవారి జీవనం గురించి తెలుసుకోవడానికి ఎంచుకున్న ఊళ్ళలో మా పీర్జాదిగూడ కూడా ఒకటి.

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ పట్నం దాటి, మా ఇళ్ళ పక్కగా పారి, వలిగొండ మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారిపొడుగునా కత్వలు కట్టి కాలువల్లోకి మళ్ళిస్తారు. మా అక్క పొలానికి వచ్చేది కూడా అలాంటి ఒక కత్వ నీరే. ఒకనాడు ఏటి ఒడ్డున నిలబడినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. నాచారంలో పల్లానికి పోయిన నీళ్ళు చివరకు చేరేది ఈ ఏటికే. నేను శనివారం రాత్రి పారబోసినది మా అక్క మడికే పోయింది కదా!

లోహానికి ఒక స్వభావం ఉంది. అన్నం కుళ్ళుతుంది, ఆకు కుళ్ళుతుంది, పేడ ఎరువవుతుంది. సీసము, క్యాడ్మియము, క్రోమియము కుళ్ళవు, కాలవు, మాయం కావు. నీళ్ళు మరిగించినా పోవు. పైగా నీళ్ళు ఆవిరైన కొద్దీ చిక్కబడతాయి. ఒకచోట లేవంటే మరొకచోట ఉన్నాయని అర్థం. 2008లో మా ఇంటికి దగ్గరలోనే, ఇ.సి.ఐ.ఎల్. ప్రాంతంలోని అణుశక్తి శాఖ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రచురించారు. హైదరాబాదు పరిసరాలలో మురుగు నీటితో పండే నేలలను, కూరలను, గడ్డిని, పశువుల పాలను వారు పరీక్షించారు. జింకు, క్రోమియము, సీసము విషయంలో ఆకుకూరలతోనే ఎక్కువ జాగ్రత్త అవసరమని, ముఖ్యంగా పాలకూర, తోటకూరల పేర్లు చెప్పారు. అవ్వ నాలుగు మళ్ళలో పెంచినది కూడా తోటకూరే.

ఇక చింతపెంకుల సంగతి. మా అమ్మాయి 2012లో రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతున్నది. మార్చి నెలలో మేము చింతపండు కొడుతుంటే వచ్చి, "నాన్నా, ఆ పెంకులు పారేయకు. నా ప్రాజెక్టుకు కావాలి" అన్నది.

"పెంకులతో ఏం ప్రాజెక్టమ్మా?" అన్నాను.

"నీళ్ళలోంచి క్రోమియం తీసే ప్రాజెక్టు. ప్లేటింగ్ షెడ్లవాళ్ళు వదిలే పసుపు నీళ్ళు ఉంటాయి చూడు, అవి" అన్నది.

నా చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ రాత్రి భోజనాల తరువాత తల్లినీ కూతురినీ కూర్చోబెట్టి, షెడ్డు, మోరీ, అవ్వ, బురద అన్న అబద్ధం, అన్నీ చెప్పాను. నా భార్య ఏడ్చింది. అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "వచ్చే వారం లెక్చరర్‌ను అడిగి నిన్ను ల్యాబుకు తీసుకుపోతా నాన్నా" అని మాత్రం అన్నది.

ఆ దినం నేను చూసినదంతా చెబుతాను. పెంకులను కడిగి, ఎండబెట్టి, పొడి కొట్టి జల్లించి పెట్టింది. ఒక గాజు కుప్పెలో పసుపు నీళ్ళు పోసింది. ఇరవై ఏళ్ళ తరువాత ఆ రంగు చూసేసరికి నా ముక్కు మండినట్లయింది. ఆ నీళ్ళలో కొంచెం ఆమ్లం కలిపి, పెంకు పొడి వేసి, కుప్పెను ఊపే యంత్రం మీద పెట్టింది. కొన్ని గంటలు గడిచాక వడకట్టింది. పసుపు పోయింది! నీళ్ళు పలుచని తేనీరు రంగులో ఉన్నాయి. నేను పిల్లవాడిలాగా సంతోషించి, "ఇంత సులువా! ఊరూరా చెప్పాలి" అన్నాను.

"ఆగు నాన్నా" అన్నది అమ్మాయి. ఆ నీళ్ళలో డైఫినైల్ కార్బజైడ్ అనే మందు చుక్కలు వేసింది. నీళ్ళు లేత ఊదారంగుకు తిరిగాయి. "కంటికి కనిపించకపోయినా విషపు క్రోమియం ఇంకా మిగిలి ఉందన్నమాట. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళలో క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించకూడదు. అంత కొంచెం ఉంటే నీళ్ళకు రంగే ఉండదు. కన్ను ఇక్కడ సాక్ష్యానికి పనికిరాదు" అన్నది.

ఆమె ఇంకో సంగతి కూడా చెప్పింది. క్రోమియం ముఖ్యంగా రెండు రూపాలలో ఉంటుంది. పసుపు రంగుది ఘోరమైనది. క్యాన్సరు కలిగించేవాటి జాబితాలో మొదటి వరుసలో ఉన్నది. రెండవది అంత హాని చేయనిది. చింతపెంకులో ఉన్న వగరు పదార్థాలు ఆమ్లపు నీళ్ళలో మొదటి రూపాన్ని పట్టుకోవడమే కాక, చాలా భాగాన్ని రెండవ రూపానికి మారుస్తాయి. కాబట్టి రంగు పోయినంత మాత్రాన లోహం పోయినట్లు కాదు. "పాము కోరలు పీకినట్లు నాన్నా. పాము మాత్రం ఇంకా ఇంట్లోనే ఉంటుంది" అన్నది.

తిండి వ్యర్థాలు లోహాన్ని ఎట్లా పట్టుకుంటాయో ఆమె చెప్పినది మీకు కూడా సులువుగానే అర్థమవుతుంది. ఉత్తరేణి కంప పక్క నుండి నడిస్తే గింజలు పంచె అంచుకు అంటుకుంటాయి కదా. నారింజ తొక్కలో, అరటి తొక్కలో పెక్టిన్ అనే పదార్థం ఉంది. దానిలో లోహపు రేణువులను అంటిపెట్టుకునే కొక్కేల వంటివి ఉంటాయి. నీళ్ళలో కరిగిన సీసము, రాగి, క్యాడ్మియము వాటికి తగులుకుంటాయి. వడ్ల పొట్టు, వేరుశనగ పొట్టు, కొబ్బరి పీచు కూడా కొంతవరకు ఆ పని చేస్తాయి. కోడిగుడ్డు పెంకు చాలామట్టుకు సున్నపురాయి జాతి పదార్థమే గనుక, అది మరో విధంగా సీసాన్ని పట్టుకుంటుంది.

ఇది గాలి మాట కాదు. 2007లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రసాయన శాస్త్రజ్ఞులు చింతపెంకుతో క్రోమియం తీయడం మీద పరిశోధన ప్రచురించారు. ఉత్త పెంకు కంటే, ఆమ్లంతో శుద్ధి చేసిన పెంకు ఎక్కువ పట్టుకుంటుందని చూపించారు. 2011లో బ్రెజిల్ దేశపు శాస్త్రజ్ఞులు ఏటి నీళ్ళలోని రాగినీ సీసాన్నీ అరటితొక్క పొడితో పట్టి చూపించారు. అదే పొడిని కడిగి పదకొండు సార్ల వరకు వాడవచ్చునన్నారు. మనం పెంటలో వేసే వస్తువులో ఇంత పని ఉందని తెలిస్తే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. ఐదు రొట్టెల భోజనం తరువాత మిగిలిన ముక్కలను కూడా పోగుచేయించిన ప్రభువును ఎరిగిన మనకు మరీ సంతోషం కలుగుతుంది.

అయితే ప్రయోగశాలలోని కుప్పె వేరు, మన ఇంటి కుండ వేరు. అమ్మాయి ఒక్కొక్కటే లెక్కపెట్టి చెప్పింది. నీళ్ళ పులుపు తగినంత లేకపోతే చింతపెంకు క్రోమియాన్ని సరిగా పట్టుకోదు. అంత పుల్లని నీళ్ళు మనిషి తాగలేడు. కొక్కేలు నిండిన తరువాత ఎంతసేపు ఉంచినా పొడి ఏమీ పట్టదు. అది ఎప్పుడు నిండిందో కంటికి తెలియదు. బోరు నీళ్ళలో సున్నము, ఉప్పులు ఎక్కువగా ఉంటే అవి కూడా కొక్కేలను ఆక్రమించుకుంటాయి. తొక్కలు నీళ్ళలో నానితే కుళ్ళి పురుగు చేరుతుంది. అన్నిటికంటే పెద్ద సంగతి, లోహం పట్టిన పొడిని ఎక్కడ వేయాలి? పెంటలో వేస్తే మళ్ళీ నేలలోకే పోతుంది. ఆమె తన పొడిని సీసాలో పోసి, మూత బిగించి, పేరు రాసి, కళాశాల వారికి అప్పగించింది. అటువంటి వ్యర్థాలను దుండిగల్ దగ్గర ప్రత్యేకంగా కట్టిన గుంటల్లో పూడుస్తారు.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో నేను చాలాకాలంగా మనసులో ఉన్న ప్రశ్న అడిగాను. "అమ్మా, ఈ చింతపెంకు సంగతి 1990లో మాకు తెలిసి ఉంటే ఆ అవ్వ బావి మిగిలేదా?"

ఆమె కొంచెం ఆలోచించి, "నాన్నా, నీకు బాధ కలిగినా నిజమే చెబుతా. దానికి చింతపెంకు అక్కరలేదు. పసుపు నీళ్ళలో అన్నభేది వేస్తే విషపు క్రోమియం రెండవ రూపానికి మారుతుంది. తరువాత సున్నం వేస్తే అది మడ్డిగా అడుక్కు దిగుతుంది. ఆ మడ్డిని వేరుచేసి జాగ్రత్త చేయాలి. ఇది నువ్వు పనిలో చేరకముందు నుండే తెలిసిన పద్ధతి. అన్నభేదీ సున్నమూ ఖరీదైనవి కావు" అన్నది.

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మా షెడ్డు మూలకు ఎప్పుడూ ఒక సున్నం బస్తా ఉండేది. పండుగకు గోడలకు వేయడానికి తెచ్చినది. దాని పక్క నుండే బకెట్లు మోసుకుపోయేవాడిని. నీటి కాలుష్య నివారణ చట్టం కూడా 1974లోనే వచ్చింది. అంటే నేను పనిలో చేరేనాటికి దానికి పన్నెండేళ్ళు. ఉపాయమూ ఉంది, చట్టమూ ఉంది, సున్నమూ ఉంది. లేనిదల్లా ఒక్క మాట, "సేటూ, ఈ నీళ్ళు అవ్వ బావిలోకి పోతున్నయి" అనే మాట. ఆరుగురిలో ఒక్కరమూ అనలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎంత కష్టమో రాణిపేట చూస్తే తెలుస్తుంది. తమిళనాడులోని ఆ ఊళ్ళో ఒక క్రోమేటు ఫ్యాక్టరీ 1995లో మూతపడింది. లక్ష టన్నులకు పైగా క్రోమియం వ్యర్థం అక్కడే కుప్పగా మిగిలింది. అది భూగర్భ జలంలోకి ఎట్లా దిగుతున్నదో మన ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అధ్యయనం చేసి 2011లో ప్రచురించారు. అంత కుప్పకు ఎన్ని బండ్ల చింతపెంకులు తెస్తాము? మోరీలో పడకముందు ఒక తొట్టెడు నీళ్ళను బాగుచేయవచ్చు. నేలలో ఇంకిన తరువాత తరాలు పడుతుంది.

కొంతకాలం క్రిందట మా అక్క ఇంట్లో జరిగినది కూడా చెప్పి ముగిస్తాను. అక్క మనుమరాలికి బిడ్డ పుట్టింది. తల్లికి పాలు చాలక డబ్బాపాలు కలుపుతున్నారు. నేను చూడబోతే, వంటింట్లో ఒక కుండలో అరటితొక్కలు, గుడ్డుపెంకులు వేసి, బోరు నీళ్ళు పోసి, గుడ్డతో వడకట్టి పెట్టారు. మూసీ నీళ్ళ భయంతో మా అల్లుడు ఎవరో పంపిన వార్త చదివి ఈ ఏర్పాటు చేశాడు. ఆ నీళ్ళతోనే పసిబిడ్డకు పాలు కలుపుతున్నారు.

"ఇది వద్దక్కా" అన్నాను.

అక్క ఒప్పుకోలేదు. "ఎందుకు తమ్మీ? మారా దగ్గర చేదు నీళ్ళల్ల మోషే చెట్టు వేస్తే తీపి కాలేదా?"

"అక్కడ చెట్టును చూపించింది దేవుడక్కా. ఇక్కడ చూపించింది ఎవరో రాసిన ముక్క" అన్నాను. అక్క నవ్వింది గాని, కుండ మాత్రం తీసివేసింది.

మరునాడు ఆ బోరు నీళ్ళు సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలకు ఇచ్చాము. లోహాల పరీక్షకు ఇంకొక సీసా పట్నంలోని పెద్ద ల్యాబుకు పంపాము. ఫలితాలు చూసి అందరమూ ఆశ్చర్యపోయాము. మేము భయపడిన లోహాలు పరిమితికి లోపలే ఉన్నాయి. నైట్రేటు మాత్రం పరిమితికి మించి ఉంది. నైట్రేటుకు హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. మురుగు, పేడ, ఎరువులు ఇంకిన చోట అది పెరుగుతుంది. ఆరు నెలలలోపు బిడ్డకు అది రక్తంలో ప్రాణవాయువును అడ్డుకొని, ఒళ్ళు నీలమయ్యే జబ్బు తెస్తుంది. అరటితొక్క కుండ దానిని ఆపదు. కుళ్ళే తొక్క క్రిములను కూడా చేరుస్తుంది. ఆనాటి నుండి బిడ్డ పాలకు మిషన్ భగీరథ నల్లా నీళ్ళే కాచి చల్లార్చి వాడుతున్నారు. బిడ్డ క్షేమంగా ఉన్నది. మేము లేని శత్రువు కోసం కాపలా కాస్తూ, ఉన్న శత్రువుకు తలుపు తీసి పెట్టాము. పరీక్ష చేయించకపోతే ఇప్పటికీ అట్లాగే ఉండేవాళ్ళం.

కాబట్టి నా మనవి ఇది. తొక్కలతో, పెంకులతో జరుగుతున్న పరిశోధన మంచిది. మన పిల్లలు ఆ చదువు చదివితే ప్రోత్సహించండి. రేపు చిన్న షెడ్లవారు తమ తొట్ల దగ్గరే ఇటువంటి చౌక పద్ధతులు పెట్టుకుంటే ఎన్నో బావులు మిగులుతాయి. కాని ఇంట్లో తొక్కలు వేసిన నీళ్ళు తాగవద్దు, తాగించవద్దు. మీ తొక్కలను ఎరువు గుంటలో వేయండి, అక్కడ అవి తప్పకుండా పనికివస్తాయి. బోరు నీళ్ళు తాగేవారు సంవత్సరానికి ఒకసారైనా పరీక్ష చేయించండి. పాత బ్యాటరీలను పగులగొట్టవద్దు, బావి దగ్గరా కాలువ దగ్గరా పారవేయవద్దు. మీ పిల్లవాడు పట్నంలో పని చేస్తుంటే, జీతం ఎంత అని అడిగినట్లే, "మీ దగ్గర మిగిలిన నీళ్ళు ఎక్కడికి పోతాయి బిడ్డా?" అని కూడా అడగండి. మా అమ్మానాన్నలు నన్ను అట్లా అడిగి ఉంటే నేను అబద్ధం చెప్పలేకపోయేవాడిని.

ఈ మార్చిలో కూడా చింతపండు సంచి వచ్చింది. పెంకు ఒలుస్తుంటే నా మనుమరాలు పక్కన కూర్చొని, "తాతా, నువ్వు చిన్నప్పుడు ఏం పని చేసేవాడివి?" అని అడిగింది. ఏడేళ్ళ పిల్ల. మెరిసే హ్యాండిళ్ళ సంగతి చెప్పి ఊరుకోవచ్చును. ఊరుకోలేదు. బావి సంగతి కూడా చెప్పాను. అంతా విని, "అవ్వకు నిజం చెప్పినవా తాతా?" అన్నది.

చెప్పలేదు. అప్పుడు చెప్పవలసిన మాట ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. అది బురద కాదు అవ్వా. అవి నేను పారబోసిన నీళ్ళు.